ప్రయాణికుల విమానమా? సరుకుల విమానమా?

ఉన్నత పాఠశాల విడిచి పోవు విద్యార్థులను "మీరు ఏమి కాగోరుచున్నారు?" అని యడిగినచో, పూర్వము వకీలు, వైద్యుడు, ఉపాధ్యాయుడు, ఇంజనీరు అను మాటలే ప్రత్యుత్తరముగా వచ్చుచుండెడివి. నేడు ఆ వరుసలో పైలటు అను మాటయు చేరినది. బాలురే గాక బాలికలును ఆ మాటను ధైర్యముతో పలుకుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే ఆ కోరిక వెనుక మఱియొక ప్రశ్న దాగి యున్నది. దానిని విద్యార్థులు గాని వారి తలిదండ్రులు గాని సాధారణముగా అడుగుట లేదు. విమానము నడుపుట సరియే, దేనిని మోయుటకు? మనుష్యులను మోయు విమానములు వేఱు, సరుకులను మోయు విమానములు వేఱు. నేర్వవలసిన విద్య రెంటికిని ఒక్కటియే. పొందవలసిన లైసెన్సును ఒక్కటియే. కాని ఆ రెండు త్రోవలలో జీవితము నడచు తీరు మిక్కిలి భిన్నమైనది. ఈ భేదమును గూర్చి మాకు తోచిన అభిప్రాయమును విద్యార్థుల యెదుటను, తలిదండ్రుల యెదుటను ఉంచుచున్నాము.

ఈ విషయమున లోకాభిప్రాయము ముందే స్థిరపడి యున్నది. ప్రయాణికుల విమానము నడుపువాడు గొప్పవాడు. సరుకుల విమానము నడుపువాడు ఆ భాగ్యము దక్కనివాడు. పెండ్లిపందిరిలో బంధువులు "మీ అబ్బాయి ఏ విమానము నడుపుచున్నాడండీ?" అని యడుగుదురు. ప్రసిద్ధమైన ప్రయాణికుల సంస్థ పేరు చెప్పినచో కన్నులు విప్పార్చుదురు. సరుకుల సంస్థ పేరు చెప్పినచో, "ఓహో, పార్సెళ్ల బండియా?" అని నవ్వుదురు. బస్సునకును లారీకిని తాము కల్పించుకొనిన తారతమ్యమునే ఆకాశమునకు ఎక్కించి మాటలాడుదురు. ఇట్టి మాటలు విని యువజనులు తమ జీవితమును నిర్ణయించుకొనుట మాకు సమ్మతము గాదు. ఈ రెండు పనులలో గౌరవమును బట్టి ఎక్కువ తక్కువలు లేవనియు, ఎన్నుకొనువారు చూడవలసినవి తమ స్వభావము, తమ నిద్ర, తమ యిల్లు, దొరకు అవకాశము అనియు మా దృఢమైన అభిప్రాయము.

మొదట చరిత్రను చూతము. మన దేశమున విమానము ప్రజలకు ఉపయోగపడుట ఆరంభించినది మనుష్యులను మోసి గాదు, ఉత్తరములను మోసి. 1911 ఫిబ్రవరి 18వ తేదీన ఆన్రీ పెకే అను ఫ్రెంచి యువకుడు అలహాబాదు ప్రదర్శనశాలనుండి ఇంచుమించు 6,500 ఉత్తరముల సంచితో ఎగిరి, యమునను దాటి, ఆరు మైళ్ల దూరమున నున్న నైనీలో దిగెను. ప్రభుత్వ తపాలాశాఖ అనుమతితో విమానముపై టపా పోవుట లోకములో అదియే మొదటిసారి. ఆ ఉత్తరములపై వసూలు చేసిన ఆరణాల ప్రత్యేక రుసుము అలహాబాదులోని ఆక్స్‌ఫర్డు కేంబ్రిడ్జి వసతిగృహమునకు, అనగా విద్యార్థుల మేలుకొఱకు, చెందెను. మిషను విద్యాసంస్థలలో చదువు మనము ఈ సంగతిని మఱువరాదు.

అటుపిమ్మట 1932 అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటాగారు కరాచీనుండి ఒంటిగా చిన్న విమానములో బయలుదేరి, అహమ్మదాబాదు మీదుగా బొంబాయి జుహూ మైదానములో దిగిరి. వారి వెంట నున్నది ప్రయాణికులు గారు, టపా సంచులు. ఆ సంచులను అచ్చటనుండి నెవిల్ విన్సెంటుగారు బళ్లారి మీదుగా మద్రాసునకు చేర్చిరి. ఆ టపాసంస్థయే 1946లో ఎయిరిండియా అయ్యెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1949 జనవరిలో రాత్రి టపా విమానములు ఆరంభమయ్యెను. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు పట్టణములనుండి నాలుగు విమానములు బయలుదేరి నడిరేయి నాగపురములో కలిసికొని, సంచులు మార్చుకొని, తెల్లవారునప్పటికి తమ తమ స్థలములకు మరలిపోవుచుండెను. వానిలో కొందఱు ప్రయాణికులును ఎక్కుచుండిరి గాని, వేళను నిర్ణయించునది టపాయే. ఒక కూడలిలో సరుకంతయు చేర్చి, విభజించి, మరల పంచు ఈ పద్ధతినే అమెరికాలోని ఫెడెక్సు సంస్థ 1973 ఏప్రిలులో మెంఫిసు కూడలిగా 14 చిన్న విమానములతోను, మొదటి రాత్రి 186 పొట్లములతోను ఆరంభించి లోకప్రసిద్ధి గాంచెను. మన నాగపురము దానికి ఇరువదినాలుగేండ్లు ముందున్నది. కావున సరుకుల విమానము ప్రయాణికుల విమానమునకు తమ్ముడు గాదు, అన్న.

ఇక ఆ పనికి గల విలువను చూతము. 1948 జూనులో బెర్లిను నగరపు పశ్చిమ భాగమునకు రైలు, రోడ్డు, కాలువ మార్గములన్నియు మూసివేయబడెను. అచ్చట ఇరువది లక్షలకు పైగా జనులు ఉండిరి. ఒక యేడాదికి పైగా వారికి పిండి, పాలపొడి, మందులు, అన్నిటికంటె మిన్నగా చలిమంటలకును విద్యుచ్ఛక్తికిని వలయు బొగ్గు, విమానములే తెచ్చి పెట్టెను. ఇంచుమించు 23 లక్షల టన్నుల సరుకు ఆకాశమార్గమున చేరెను. అందులో మూడింట రెండు పాళ్లు బొగ్గే. ఆ ప్రయత్నములో నూఱుమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. బొగ్గుమూటలు మోసిన ఆ వైమానికులను చూచి నవ్వువారు ఆ నగరములో ఒక్కరును ఉండియుండరు.

మన కాలములోనే దీనికి తార్కాణము కలదు. 2020 మార్చి 25వ తేదీనుండి కరోనా వ్యాధి కారణమున మన దేశములో ప్రయాణికుల విమానములు రెండు నెలలు నిలిచిపోయెను. సరుకుల విమానములు నిలువలేదు. లైఫ్‌లైన్ ఉడాన్ అను పేర ప్రభుత్వము మందులను, పరీక్షా సామగ్రిని దేశపు మూలమూలలకు పంపెను. 2021 జనవరిలో పూనానుండియు మన హైదరాబాదునుండియు టీకామందుల పెట్టెలు విమానములపైననే రాష్ట్రములకు చేరెను. వానిలో పెక్కు పెట్టెలు ప్రయాణికుల విమానముల అడుగు అరలలోనే పోయినవి. ఆ మాటకు వచ్చిన, లోకమున ఆకాశమార్గమున పోవు సరుకులో ఇంచుమించు సగము ప్రయాణికుల కాళ్లక్రిందనే పోవుచున్నది. ప్రయాణికుల విమానము నడుపుచున్నానని గర్వించువాడును తెలియకయే సరుకులవాడే.

అయినను ప్రయాణికుల పక్షమున చెప్పవలసిన మాటలు న్యాయముగా చెప్పుదము. నూట యెనుబదిమందిని తీసికొనిపోయి క్షేమముగా దింపుట సామాన్యమైన పని గాదు. వారిలో చంటిబిడ్డలుందురు, రోగులుందురు, తొలిసారి యెక్కి గుండె చిక్కబట్టుకొనినవారుందురు. వాతావరణము చెడినప్పుడు వారికి ధైర్యము చెప్పవలెను. ఒకరికి ప్రాణాపాయము కలిగినచో సమీపపు విమానాశ్రయమున దింపవలెను. విమానపరిచారకులతో ఏకమనస్కుడై పని చేయవలెను. దగ్గర దూరముల ప్రయాణికుల విమానములు దినమునకు మూడు నాలుగుమార్లు ఎగిరి దిగుచుండును. అనుభవజ్ఞుడైన కెప్టెను ప్రక్కన కూర్చుండి ఇట్లు పలుమార్లు దిగుట క్రొత్తవానికి గొప్ప పాఠశాల. దేశములో ఈ సంస్థలే పెద్దవి గనుక ఉద్యోగములును వానిలోనే యెక్కువ. కెప్టెను పదవియు సంస్థ పెరుగుచున్న కాలములో త్వరగా లభించును. మనుష్యుల సందడి యిష్టపడువారికి, పగటివేళలు కోరువారికి ఈ త్రోవ అనుకూలము.

సరుకుల విమానములో ఆ సందడి లేదు. వెనుక ఆసనములు లేవు, కిటికీలు లేవు, పరిచారకులు లేరు. ఇద్దఱు వైమానికులును, వారి వెనుక అల్యూమినియపు పలకలపై వలలతో బిగించిన పెట్టెలును మాత్రమే యుండును. ఆలస్యమైనదని కేకలు వేయువారు లేరు. దిగిన పిమ్మట చప్పట్లు కొట్టువారును లేరు. విమానములలో పెక్కు ప్రయాణికుల సేవలో సగము వయస్సు గడిపి, పెద్ద తలుపు అమర్చి సరుకులకు మార్చబడినవి. సాయంకాలము అంగళ్లు మూసిన తరువాత సరుకు చేరును. మరునాడు ప్రొద్దున అది మఱియొక పట్టణమున గుమ్మము ముందు ఉండవలెను. కావున వైమానికుని పని రాత్రియే. దూరదేశముల సరుకుల విమానములు నడుపువారు రెండు మూడు వారములు ఇల్లు విడిచి, ఖండములు తిరిగి, ఆ తరువాత కొన్ని వారములు వరుసగా ఇంటనుందురు. ఏకాంతము నోర్చుకొనువారికి, లెక్క చొప్పున పని ముగించుకొని మౌనముగా ఇంటికి పోగోరువారికి ఇందులో ఒక తృప్తి కలదు. అమెరికాలోని పెద్ద సరుకుల సంస్థలలో కెప్టెనుల జీతములు పెద్ద ప్రయాణికుల సంస్థల జీతములకు ఏమియు తీసిపోవు. వెనుకనున్నవి పెట్టెలే గదా యని జాగ్రత్త తగ్గించుటకును వీలులేదు. 2010 సెప్టెంబరు 3వ తేదీన దుబాయినుండి బయలుదేరిన ఒక సరుకుల విమానములో లిథియము బ్యాటరీలున్న సరుకునకు నిప్పంటుకొని, పొగ వైమానికుల గదిని నింపి, ఇద్దఱును మరణించిరి. 2013 ఏప్రిలు 29వ తేదీన ఆఫ్గనిస్తానములోని బగ్రాములో విమానము పైకి లేచుచుండగా లోపలి బరువైన సైనిక వాహనము కట్లు తెగి వెనుకకు జారుటచే ఏడుగురు చనిపోయిరి. ఏ పెట్టెలో ఏమున్నది, ఏ బరువు ఎచ్చట నున్నది అను జ్ఞానము ఈ వృత్తిలో ప్రాణాధారము.

ఇప్పుడు మేము ముఖ్యముగా చెప్పదలచిన విషయమునకు వచ్చుచున్నాము. అది నిద్ర. తెల్లవారుజామున రెండు గంటలనుండి ఆరు గంటలవఱకు మనుష్యదేహము నిద్రను కోరును. ఆ వేళ కన్ను తెఱచియున్నను బుద్ధి మందగించును. పగలు పడుకొనిన నిద్ర రాత్రి నిద్రకు సరిరాదు. ఇంటిలో బిడ్డల యల్లరి, వీధిలో శబ్దము, కిటికీలో ఎండ ఉండనే యుండును. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన కాన్సరు పరిశోధనశాఖ 2007లోనే రాత్రి పాళీల పనిని కాన్సరు కలిగింపగల కారణములలో ఒకటియై యుండవచ్చునని వర్గీకరించెను. ఇట్టి పనికి ఎక్కువ విశ్రాంతి ఈయవలెనని ఎవరికైనను తోచును. జరిగినదేమి?

2011 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము వైమానికుల విశ్రాంతినిగూర్చి క్రొత్త నిబంధనలు ప్రకటించి, 2014 జనవరినుండి అమలు జరిపెను. కాని వానినుండి సరుకుల విమానములు నడుపువారిని మినహాయించెను. వారిని చేర్చినచో సంస్థలకగు వ్యయము కలుగు మేలుకంటె ఎక్కువ యని లెక్క చెప్పిరి. మేలును కొలిచిన పద్ధతి యేది? ప్రమాదము జరిగినచో ఎందఱు చనిపోవుదురు అనునది. ప్రయాణికుల విమానములో నూర్ల కొలది. సరుకుల విమానములో ఇద్దఱే. ఆ నిబంధనలు అమలు కాకముందే, 2013 ఆగస్టు 14వ తేదీ తెల్లవారుజామున, అలబామా రాష్ట్రపు బర్మింగ్‌హాము వద్ద యూపీఎస్ సంస్థ సరుకుల విమానమొకటి దిగబోవుచు పరుగుబాటకు ఇవతలనే కొండచరియను తాకి కూలెను. ఇద్దఱు వైమానికులును మరణించిరి. విమానము దిగు ఎత్తును వారు సరిగా గమనింపకపోవుటను విచారణసంఘము ప్రధాన కారణముగా తేల్చి, అలసటను తోడైన కారణములలో చేర్చెను. ఆ రాత్రి ఎగురుటకు ముందు వారిద్దఱును ఈ విశ్రాంతి నిబంధనలను గూర్చియే మాటలాడుకొనిరని విమానములోని శబ్దయంత్రపు నమోదు తెలిపెను.

తొంబదితొమ్మిది గొఱ్ఱెలను విడిచి తప్పిపోయిన యొక్కదానిని వెదకబోయిన కాపరి కథను మన విద్యార్థులు చిన్ననాటనే విని యున్నారు. ఆ కాపరి తలలు లెక్కింపలేదు. చట్టము లెక్కించినది. ఇద్దఱి ప్రాణము నూటయెనుబదిమంది ప్రాణముకంటె చౌక యను లెక్క గణితశాస్త్రమున సరిపోవచ్చును గాని ధర్మశాస్త్రమున సరిపోదు. పైగా విమానము కూలునది శూన్యములో గాదు. క్రింద ఊళ్లుండును, ఇండ్లుండును. రాత్రి పనిచేయు వైమానికుడు మోయునది పెట్టెయైనను మనిషియైనను, అతని నిద్ర ఒక్కటియే. ఏ దేశమైనను రెంటికి ఒకే కొలత పెట్టవలెనని మేము గట్టిగా కోరుచున్నాము.

మన దేశములో 2024 జనవరిలో విమానయాన శాఖాధికారులు వైమానికుల వారాంతపు విశ్రాంతిని 36 గంటలనుండి 48 గంటలకు పెంచి, రాత్రి పనిలో దిగుటలను ఆరునుండి రెంటికి తగ్గించు నిబంధనలు ప్రకటించిరి. అవి 2025 జూలైలోను నవంబరులోను రెండు విడతలుగా అమలునకు వచ్చెను. ఆ డిసెంబరులో దేశపు అతిపెద్ద ప్రయాణికుల సంస్థయైన ఇండిగో తగినంతమంది వైమానికులను సిద్ధపఱచుకొననందున వేలకొలది ప్రయాణములు రద్దయ్యెను. ప్రజలు విమానాశ్రయములలో నేలపై పడుకొనిరి. అప్పుడు ప్రభుత్వము ఆ సంస్థకు రాత్రిపని నిబంధనలలో 2026 ఫిబ్రవరివఱకు సడలింపు ఇచ్చెను. కోపించిన ప్రయాణికుల బాధ మేమెఱుగుదుము. కాని, లెక్క సరిపోనప్పుడు మొదట కోతపడినది వైమానికుని నిద్రయే యనునది గమనింపదగిన విషయము. కావున ప్రయాణికుల త్రోవ ఎన్నుకొనిన మాత్రమున నిద్ర దక్కునని యెవరును భ్రమపడరాదు.

ఇక జీవనోపాధి మాట. కొందఱు పెద్దలు "సరుకుల సంస్థలో ఉద్యోగము స్థిరము, మనుష్యులు ప్రయాణము మానినను సరుకులు మానవు" అందురు. 2020లో ఆ మాట నిజమయ్యెను. ప్రయాణికుల సంస్థలు జీతములు కోసినప్పుడు, ఉద్యోగులను తొలగించినప్పుడు, సరుకుల సంస్థలకు తీరిక లేకుండెను. కాని ఆ వెల్లువ నిలువలేదు. 2023లో ఫెడెక్సు సంస్థ తన వైమానికులు అవసరమునకు మించి యున్నారని, ఒక చిన్న ప్రయాణికుల సంస్థలో చేరుటకు వారిని ప్రోత్సహించెను. అందుచే ఏ త్రోవయు గట్టిగోడ కాదు. వర్తకము పెరిగినప్పుడు సరుకులకు, జనుల చేత డబ్బున్నప్పుడు ప్రయాణములకు గిరాకీ కలుగును. రెండును తగ్గుచు హెచ్చుచు నుండును.

మన దేశములో మాత్రము తూకము ఒక వైపునకే మొగ్గి యున్నది. ఇండిగో సంస్థ ఒక్కదానికే నాలుగు వందలకు పైబడి ప్రయాణికుల విమానములు కలవు. దేశములోని సరుకుల విమానములు బహు స్వల్పము. మద్రాసు కేంద్రముగా 1996నుండి రాత్రివేళ సరుకులు మోయుచున్న బ్లూడార్టు విమానసంస్థ ఈ త్రోవలో పెద్దది. 2023 జనవరిలో అమెజాన్ వర్తకసంస్థ తన సరుకుల విమానసేవను మన హైదరాబాదులోనే ఆరంభించెను. ఔషధములు తయారుచేయు నగరమగుటచే శంషాబాదు విమానాశ్రయములో మందులకు ప్రత్యేకముగా శీతల గిడ్డంగులు కలవు. కావున ఈ త్రోవ తెలుగుదేశములో ముందుముందు పెరుగవచ్చునని మా ఆశ. కాని ఆశ వేఱు, ఉద్యోగము వేఱు.

అందుచే తలిదండ్రులకు మా మనవి యొకటి. వ్యాపార పైలటు లైసెన్సునకు 200 గంటలు ఎగురవలెను. ఆ శిక్షణకు, తరువాత ఒక్కొక్క రకపు విమానమునకు పొందవలసిన ప్రత్యేక శిక్షణకు, పదుల లక్షల రూపాయలు వ్యయమగును. పొలము తాకట్టు పెట్టి, ఇల్లు తాకట్టు పెట్టి ఆ సొమ్ము తెచ్చువారు కలరు. సొమ్ము కట్టుటకు ముందే ప్రథమ శ్రేణి వైద్యపరీక్ష చేయింపుడు. కన్నులలోనో గుండెలోనో దోషమున్నచో అప్పుడే తెలియును. లైసెన్సు వచ్చిన మఱునాడే ఉద్యోగము రాదనియు, ఏండ్లు వేచియున్నవారు పెక్కురు కలరనియు గ్రహింపుడు. అన్నిటికంటె ముఖ్యముగా, మీ బిడ్డకు మొదట సరుకుల సంస్థలో చోటు దొరకినచో దానిని చిన్నచూపు చూచి త్రోసివేయకుడు. బంధువుల నవ్వు అప్పు తీర్చదు.

బాలికల విషయమున ఒక మాట. 1947లో వ్యాపార పైలటు లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్‌గారిని పెక్కు విమానసంస్థలు స్త్రీయని త్రోసిపుచ్చగా, హైదరాబాదులోని డెక్కను ఎయిర్వేస్ సంస్థ ఉద్యోగమిచ్చెను. మన తెలుగు నేలపై తెఱువబడిన ఆ తలుపు నేడు మూయబడలేదు. రాత్రి పని, ఇల్లు విడిచియుండుట అను చిక్కులు స్త్రీలకే గాక పురుషులకును కలవు. వానిని కూతురికి అడ్డముగా చెప్పి కుమారునికి చెప్పకుండుట న్యాయము గాదు.

ఈ రెండు త్రోవలు గాక మూడవది యొకటి కలదని మిషను పాఠశాలలో చదువు విద్యార్థులకు గుర్తుచేయకుండ ఉండలేము. ఆస్ట్రేలియాలో జాన్ ఫ్లిన్ అను క్రైస్తవ బోధకుడు, వైద్యుడు లేని ఎడారి పల్లెలకు విమానముపై వైద్యుని పంపు ఏర్పాటును 1928లో క్లాంకరీ అను ఊరినుండి ఆరంభించెను. 1945లో ఏర్పడిన మిషను విమాన సహవాసము అడవులలోను కొండలలోను చిన్న విమానములతో నేటికిని పనిచేయుచున్నది. 1946లో దాని మొదటి విమానమును నడిపినది బెట్టీ గ్రీను అను స్త్రీ. ఆ విమానములలో ప్రయాణికులెవరు, సరుకేది అను విభాగము లేదు. పోవునప్పుడు ఉప్పు, మందులు, పుస్తకములు. వచ్చునప్పుడు ప్రసవవేదనలో నున్న తల్లియో విఱిగిన కాలితో నున్న రైతో. జీతము కొంచెము; అవసరము గొప్పది. రెండు వృత్తులును మూలమున ఒక్కటియే యని ఆ చిన్న విమానము చూచినవారికి తెలియును.

ఇంతకును మా తీర్పు ఏమనగా: మన దేశపు నేటి స్థితిలో క్రొత్తగా లైసెన్సు పొందువారు మొదట ప్రయాణికుల సంస్థలో చేరుటకే ప్రయత్నింపవలెను. అవకాశములు అచ్చటనే యెక్కువ. పలుమార్లు దిగుట నేర్పును. పెద్దల ప్రక్కన పని చేయుట వివేకమును నేర్పును. కొన్ని యేండ్లు గడచిన తరువాత తమ స్వభావమును తాము పరిశీలించుకొనవలెను. నేను పగలు నిద్రింపగలనా? తెల్లవారుజామున నాలుగు గంటలకు నా బుద్ధి నా మాట వినునా? నా భార్య గాని భర్త గాని, ముసలి తలిదండ్రులు గాని, నా రాత్రులను నాతో పాటు భరింపగలరా? చప్పట్లు లేనప్పుడును నా పనిని అంతే శ్రద్ధతో చేయుదునా? ఈ ప్రశ్నలకు అవునని నిజముగా చెప్పగలవారు సరుకుల త్రోవను సిగ్గులేక, సంతోషముతో ఎన్నుకొనవచ్చును. కాదని చెప్పువారు ఎంత జీతమిచ్చినను అటు పోరాదు. అలసితినని చెప్పి ఆ రాత్రి విమానమును ముట్టకుండుటకు తగిన ధైర్యము మాత్రము రెండు త్రోవలవారికిని కావలెను. మా దృష్టిలో వైమానికునికి అంతకంటె గొప్ప గుణము లేదు.

విద్యార్థులారా! ఆకాశమును చూచి ఆశపడుడు, తప్పులేదు. కాని గణితమును, భౌతికశాస్త్రమును, భూగోళమును ఇప్పుడే శ్రద్ధగా చదువుడు. ఆంగ్లభాషను స్పష్టముగా పలుక నేర్చుకొనుడు. వేళకు నిద్రించి వేళకు మేల్కొను అలవాటు చేసికొనుడు. నడిరేయి మీ యింటిపై విమానము ధ్వని విన్నప్పుడు, అందులో ప్రయాణికులున్నారో పెట్టెలున్నవో క్రిందనున్న మనకు తెలియదు. ముందు కూర్చున్న ఆ ఇద్దఱు మెలకువగా నున్నందుననే మనము నిశ్చింతగా నిద్రించుచున్నాము. వారును తమ వంతు నిద్ర పొందునట్లు దేవుడు వారిని కాపాడును గాక; చట్టములు చేయువారికి ఆ బుద్ధి ప్రసాదించును గాక.